కత్తెర ముంచని మధ్యాహ్నం

నత్తమ్మకి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం కొట్టుకి వచ్చింది. కవరు చింపితే బల్ల మీద బొలబొలా ఆకులు రాలాయి. పదకొండు ఆకులు, ఎనిమిది లైన్ల ఉత్తరం. ఆ ఎనిమిదిలో మూడు లైన్లు, ఆకులు కోస్తుంటే చేతికి ముల్లు గీరుకుపోయిన సంగతికే సరిపోయాయి. తోట పెట్టి పద్దెనిమిదేళ్ళయింది, బత్తాయి చెట్టుకి ముళ్ళుంటాయని నీకు ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్పాలి. చిన్నప్పుడు నీకు నత్త అని పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు ఒక్కరోజు కూడా బాధపడే అవసరం నువ్వు రానివ్వలేదు.

ఇక్కడ నా బతుకు మామూలే. పొద్దున్న షట్టరు ఎత్తేసరికి ఇద్దరో ముగ్గురో ప్లాస్టిక్ సంచుల్లో జబ్బు ఆకులు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటారు. ఈ వీధిలో నన్ను ఆకు డాక్టరమ్మ అంటారని నీకు తెలుసుగా. మొన్న పళ్ళ డాక్టరు వచ్చాడు. వాళ్ళ క్లినిక్‌లో రబ్బరు మొక్క ఆకులు రాలుస్తోందట. రోజుకి మూడుసార్లు నీళ్ళు పోస్తున్నాడు మహానుభావుడు. వేళ్ళు కుళ్ళి కుండీ కంపు కొడుతుంటే, ఇంకొంచెం ఎరువు వెయ్యమంటారా అని అడిగాడు. పేషెంటు నోట్లో కూడా ఇలాగే పైపు పెట్టి వదిలేస్తారా అన్నాను. ఆయన నవ్వలేదు. తర్వాత బ్యాంకులో క్యాషియరమ్మ, క్రోటన్ కుండీని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో దిగింది. ఆకుల మొదళ్ళలో దూది అంటించినట్టు తెల్లగా పిండినల్లి. దులిపితే పోతుందనుకుని, తీసుకెళ్ళి మిగతా కుండీల మీద దులిపిందట. ఇప్పుడు పన్నెండు కుండీలకీ ఎక్కింది. స్పిరిట్‌లో దూది ముంచి ఒక్కో ఆకూ తుడవమ్మా అంటే, అంత తీరిక నాకెక్కడిదండీ అంది. అలాంటివాళ్ళకి ప్లాస్టిక్ పూలు కొనుక్కోమని చెబుతాను, మొహమాటపడను.

సరే, నీ ఆకుల సంగతి. పసుపు మచ్చలు, చిగురు చిన్నగా నిటారుగా రావడం, కాయలు ఒక పక్కకి ఒరిగి ఎదగకపోవడం, ఇదంతా జింకు లోపం. ఆకలి, అంతే. జబ్బు కాదు. జింకు కలిపిన నీళ్ళు ఆకుల మీద పిచికారీ కొట్టించు. పదిహేను రోజులకోసారి చొప్పున నాలుగుసార్లు. పురుగుమందు మాత్రం కొట్టించకు. అసలే తిండి లేక నీరసించిన చెట్టు, దాని మీద విషం చల్లితే తట్టుకోలేదు. మరిది తోటల ఇన్‌స్పెక్టరుని పిలిపిస్తానంటున్నాడని రాశావు. వద్దని చెప్పు. ఆయనొస్తే కొట్టెయ్యమని మానుకి ఎర్ర రంగు పూసి సంతకం పెట్టించుకుని పోతాడు తప్ప, నాకు తెలియనిది ఆయనకేం తెలుసు?

ఇంతకీ నీ హస్తవాసి ఏమైపోయిందే? నువ్వు నాటిన చెట్టుకి తిరుగులేదనేవాడు కదా నాన్న. అంటు కట్టడానికి నేను, గుంటలో పెట్టడానికి నువ్వు. నా చెయ్యి వేడట, నేను నాటితే మాడిపోతాయట. రెండువందల ఎనభై అంట్లు కట్టింది ఈ వేడి చెయ్యేనని ఆ తోటలో ఏ చెట్టుకీ గుర్తు లేకపోవచ్చు. పోనీలే, ఇప్పుడవన్నీ ఎందుకు.

రెండు నెలలు చూసి రాయి. తొందరపడకు. నీకెలాగూ చేతకాదు.

మీ అక్క


చెల్లీ,

ఈసారి నిన్ను ఏ పేరూ పెట్టి పిలవాలనిపించడం లేదు. నీ రెండో ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ కొట్టు తియ్యలేదు. మీ బావకి జ్వరమని చెప్పాను, ఆయన నమ్మి మిరియాల కషాయం కాచి తెచ్చిపెడుతున్నారు. తాగుతున్నాను.

జింకు నాలుగుసార్లు కొట్టినా లాభం లేదని రాశావు. కాయ కోస్తే లోపల గింజలు నల్లబడి ఉన్నాయని, పండాల్సిన కాయ కింది సగం పచ్చగానే ఉండిపోతోందని రాశావు. మరిది నీ మాట వినకుండా ఇన్‌స్పెక్టరుని పిలిచాడని, ఆయన చెట్టు చెట్టుకీ నంబరు వేసి ఆకులు కోసుకెళ్ళాడని, రిపోర్టు రావడానికి మూడు వారాలు పడుతుందని రాశావు. ఇవన్నీ నేను ఓర్చుకున్నాను. చివర్లో ఒక మాట రాశావు చూడు. "నువ్వొచ్చి ఒక్కసారి చెట్ల మీద చెయ్యి వేసి వెళ్ళక్కా. అవి నీ చేతిలో పుట్టినవి." ఈ మాట కోసం నేను పద్దెనిమిదేళ్ళు కాచుకు కూర్చున్నాను. ఇప్పుడొచ్చింది, నాకు అక్కర్లేనప్పుడు.

అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

పోయిన ఏడాది కొమ్మలు కత్తిరించడానికి వచ్చినప్పుడు నీ దగ్గర మూడు రోజులున్నాను. రెండో రోజు మధ్యాహ్నం చుట్టుపక్కల తోటలవాళ్ళు ఏడెనిమిది మంది నీ తోట చూడ్డానికి వచ్చారు. నేను బావి దగ్గర వరసలో నిచ్చెన మీద ఉన్నాను. అందరికీ చెట్లు చూపిస్తూ నా దాకా తీసుకొచ్చావు. ఎవరో నన్ను చూసి ఈవిడెవరని అడిగారు. నువ్వేమన్నావో నీకు గుర్తుండదు. నాకు గుర్తుంది.

"మా అక్క. ప్రతి ఏడూ కొమ్మలు కత్తిరించడానికి వస్తుంది."

అంతే. ఈ చెట్లన్నీ కట్టింది ఆవిడే అనలేదు. ఆ లావుపాటాయన, మా తోటకి కూడా వస్తావా, రోజుకి ఎంత తీసుకుంటావు అని నన్ను ఏకవచనంలో అడిగాడు. నువ్వు నోరు మెదపలేదు. తర్వాత ఆయన మానుని తడిమాడు. సరిగ్గా అంటు అతుక్కున్న చోట, నా కత్తి గాటు పడిన చోట చెయ్యి పెట్టి, నీ వైపు తిరిగి, ఏం హస్తవాసమ్మా నీది అన్నాడు. నువ్వు నవ్వావు. తల దించుకుని, సిగ్గుపడుతున్నదానిలా నవ్వావు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళు వెళ్ళాక నిచ్చెన దిగాను. నాన్న మనకి నేర్పిన మొదటి పాఠం నీకు గుర్తుందో లేదో. ఒక చెట్టు కోశాక కత్తెరని బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, తుడిచి, అప్పుడే ఇంకో చెట్టుకి పోవాలి. మర్చిపోతే నా వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టేవాడు. తోటలోకి ఏ జబ్బయినా కత్తి మీదే ఎక్కి వస్తుందనేవాడు. నలభై ఏళ్ళుగా ఏ కొమ్మ కోసినా నా చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళుతుంది. ఆ రోజు డబ్బాలో నీళ్ళు గట్టు మీద పారబోశాను. వరస చివర ఒక చెట్టుకి ఆకులు పసుపు పడి ఉన్నాయి, నేను పొద్దున్నే చూశాను. ముందు దాన్ని కోశాను. ఆ జిగురు తడి ఆరకుండానే దాని పక్క చెట్టు, ఆ పక్క చెట్టు. చెట్టుకి రెండు గాట్ల చొప్పున, చీకటి పడకముందే బావి నుంచి నడిమి బాట దాకా నూటనలభై చెట్లూ పూర్తి చేశాను. అంత వేగంగా నేను జీవితంలో ఎప్పుడూ కొయ్యలేదు. నువ్వు వచ్చి, ఎంత కష్టపడ్డావక్కా అని మజ్జిగ ఇచ్చావు. తాగాను.

మూడో రోజు పంపు గది వైపు సగం మాత్రం ముంచి, తుడిచి, పద్ధతిగా కోశాను. ఎందుకని అడగకు, నాకే తెలియదు. కోపం దిగిపోయి ఉంటుంది. కానీ నీకు చెప్పాలని మాత్రం అనిపించలేదు.

నేను బాధపడ్డానని అబద్ధం రాయను. ఏడాదంతా ఎదురు చూశాను. నీ మొదటి ఉత్తరం విప్పగానే ఆకులు రాలితే, ముందు నాకు కలిగింది తృప్తి. చేతికి అందిన మొదటి ఆకుని ఈనె దగ్గర మడిచి చూశాను. ఆకలైతే మచ్చలు రెండు పక్కలా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. జబ్బైతే కూర్చోవు. కూర్చోలేదు. బత్తాయి తోటల్ని తినేసే గ్రీనింగ్ జబ్బని అప్పుడే తెలిసింది. ఇన్‌స్పెక్టరు వస్తే నా సంగతి బయటపడుతుందేమోనని భయం, నువ్వు ఇంకొన్నాళ్ళు అల్లాడాలని కసి, రెండూ కలిసి జింకు అని రాయించాయి. అది పెద్ద విషయం కాదులే, వదిలెయ్.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఈ జబ్బుకి మందు లేదు. బావి నుంచి నడిమి బాట దాకా నేను కోసిన నూటనలభై చెట్లూ వేళ్ళతో సహా పీకించి కాల్చెయ్యి. ఆరోగ్యంగా కనిపిస్తున్నాయని ఒక్కదాన్ని కూడా ఉంచకు, జాలిపడకు. జబ్బు లోపల ఉండి ఏడాదికో రెండేళ్ళకో బయటికొస్తుంది. రిపోర్టు కోసం ఆగకు, ఆగిన ప్రతి రోజూ మిగతా సగానికి గండం. ఏ చెట్టు మీద నా కత్తెర పడిందో నాకు తెలిసినంత ఏ రిపోర్టుకీ తెలియదు. ఇప్పటికైనా నా మాట విను, సగం తోట మిగులుతుంది.

నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమిస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

అక్క


అక్కకి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఆయన ఇంట్లో లేరు. నిలబడే చదివాను. కూర్చుని చదవమన్నావు కానీ ఆ మాట దాకా వచ్చేసరికే ఆలస్యమైపోయింది. సాయంత్రం ఆయనకి చదివి వినిపించాను. చెప్పులు వేసుకుని వెళ్ళి చెట్లు పీకే మిషను మాట్లాడుకుని వచ్చారు. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి ఒకసారి వెళ్ళి అడుగుదామండీ అన్నాను. చేసినావిడే చేశానని చెబుతుంటే ఇంకొకణ్ణి అడిగేదేముంది అన్నారు.

మూడు రోజులు పట్టింది. నేను గట్టు మీదే నిలబడ్డాను. మిషను మానుని పట్టి ఊపి లాగుతుంటే ముందు కాయలు రాలేవి, తర్వాత చెట్టు ఒరిగేది. వేళ్ళు తెల్లగా ఉన్నాయక్కా, కుళ్ళు లేదు, వాసన లేదు. రెండో రోజు మిషను నడిపే ఆయన దిగొచ్చి, అమ్మా ఇది నిక్షేపంలా ఉంది, దీన్నెందుకు తియ్యడం అన్నాడు. తియ్యమన్నాను. నువ్వు జాలిపడొద్దని రాశావు కదా. కాలుస్తుంటే పచ్చి ఆకుల పొగకి రెండు రోజులు ఇంట్లో ఎవరికీ కళ్ళు తెరుచుకోలేదు.

ఎనిమిది రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. ఇన్‌స్పెక్టరే తెచ్చారు. వచ్చి, బావి దగ్గర ఖాళీ నేల చూశారు. తర్వాత నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కో నంబరూ చదివారు. మేము పీకించిన నూటనలభై చెట్లలో ఒక్కదానికి కూడా జబ్బు లేదు. వరస చివర పసుపు పడిన చెట్టు అన్నావే, దానికి ఉన్నది జింకు లోపమట. ఉత్త ఆకలి. మడిచి చూస్తే తెలిసేది. జబ్బంతా పంపు గది వైపు సగంలో ఉంది. నువ్వు ముంచి, తుడిచి, పద్ధతిగా కోసిన సగంలో.

ఈ జబ్బు కత్తెర వల్ల రాదని చెప్పారాయన. చిగురు మీద వాలి రసం పీల్చే గసగసాలంత పురుగులుంటాయట, ముట్టుకుంటే ఎగురుతాయి, అవే చెట్టు నుంచి చెట్టుకి మోస్తాయట. ఆ రోజు నువ్వు ముంచినా ముంచకపోయినా ఒకటేనట. నువ్వు నాకు ఏ కీడూ చెయ్యలేదక్కా ఆ మధ్యాహ్నం. చెయ్యాలని మాత్రం అనుకున్నావు.

నేను నీకు పంపిన పదకొండు ఆకులూ పంపు గది వైపు చెట్లవి. ఏ వైపు చెట్లవే అని నువ్వు అడగలేదు. కొట్టుకి వచ్చిన పళ్ళ డాక్టరుని అడుగుతావు, క్యాషియరమ్మని అడుగుతావు, నన్ను అడగలేదు. నీకు అడగాల్సిన పని లేకపోయింది. ఈ తోట బతికితే నీ చేతి వల్ల బతకాలి, చస్తే నీ చేతి వల్ల చావాలి. నీ చెయ్యి పడకుండా ఇక్కడ ఏదైనా జరుగుతుందని నీకు ఎప్పుడూ తట్టలేదు.

ఇంకొకటి కూడా చెప్పారు. మొదటి ఆకులు కనిపించినప్పుడే పురుగుమందు కొట్టి, ఆ కాసిని చెట్లూ తీసేసి ఉంటే పన్నెండు చెట్లతో పోయేదట. రెండు నెలల్లో అది తొంభై ఆరు చెట్లకి ఎక్కింది. మిగిలినవాటిని కూడా ఉంచడానికి వీల్లేదన్నారు. పురుగుమందు కొట్టొద్దని ఎవరు చెప్పారమ్మా అని అడిగారు. నాకే అలా అనిపించిందండీ అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా నా మొహం మీదే ఉన్నట్టుంది. నువ్వు కత్తెర గురించి రెండు పేజీలు రాశావు. దీని గురించి, పెద్ద విషయం కాదులే అని రాశావు.

హస్తవాసి సంగతి కూడా చెప్పేస్తాను, ఇంకెప్పుడూ చెప్పే అవసరం రాదు. నాకు పదకొండేళ్ళప్పుడు, నాన్న అంటు కట్టడం నేర్పిన మొదటిరోజే కత్తితో బొటనవేలు తెగ్గోసుకున్నాను. ఆ వారంలోనే నాన్న వరండాలో ఎవరితోనో అంటుంటే తలుపు వెనక నుంచి విన్నాను.

"పెద్దదాని చేతిలో పనుంది, దాని గురించి నాకు దిగుల్లేదు. చిన్నదానికి ఏదీ రాదు. దానికేదో ఒక గొప్ప ఉందని మనమే చెప్పకపోతే అది ఏమైపోతుంది?"

మట్టిలో మొక్క పెట్టడానికి హస్తవాసి ఎందుకక్కా, ఎవరైనా పెడతారు. నీ చెయ్యి వేడి అని ఎందుకన్నాడంటే, లేకపోతే ఆ పని కూడా నువ్వే నాకంటే బాగా చేసేస్తావు కనక. అంతా తెలిసి ఇన్నేళ్ళు ఆ మాట మొయ్యడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. ఆ లావుపాటాయన నా హస్తవాసి అన్నప్పుడు నేను సిగ్గుపడుతున్నట్టు నవ్వలేదు. సిగ్గుపడే నవ్వాను. ఈ చెట్లన్నీ మా అక్క కట్టినవి అని ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. అది చెప్పేస్తే నాకంటూ మిగిలేది ఏదీ లేదు. తప్పు నాదే. దానికి నువ్వు నన్ను నలుగురిలో తిట్టి ఉంటే పడేదాన్ని.

నీ అసూయకి నాకు కోపం రాలేదు. నీ చేతిలో కత్తి కదులుతుంటే చూసి నేను కూడా కుళ్ళుకున్నదాన్నే. ఏడాదంతా ఎదురు చూశానన్నావు, అది కూడా ఎలాగో మింగుతాను. కానీ పదకొండు ఆకులు నీ బల్ల మీద పెట్టుకుని, మడిచి చూసి, జబ్బని తెలుసుకుని, నాకు జింకు అని రాసి, కింద మీ అక్క అని సంతకం పెట్టావే, అది మాత్రం నాకు మింగుడు పడటం లేదు.

సోమవారం పంపు గది వైపు కూడా పీకేస్తున్నారు. అయిదేళ్ళ దాకా ఈ నేలలో బత్తాయి పెట్టకూడదన్నారు. అన్నాళ్ళు ఆగే ఓపిక ఆయనకి లేదు. పట్నంలో పళ్ళ గోడౌన్‌లో ఇద్దరికీ పని దొరికింది. ఎవరో పండించిన బత్తాయిలు పెద్దవీ చిన్నవీ వేరు చెయ్యాలట. అది నాకు వచ్చు.

నీ దగ్గర్నుంచి మళ్ళీ ఉత్తరం వస్తుందని నాకు తెలుసు. ఏడుస్తూ రాస్తావు, లేదా నన్ను తిడుతూ రాస్తావు. రాయకు. కోపంతో అనడం లేదు, భయంతో అంటున్నాను. నువ్వు చెప్పింది నమ్మడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. జింకు అన్నావు, నమ్మాను, పంపు వైపు సగం పోయింది. కత్తెర అన్నావు, నమ్మాను, బావి వైపు సగం పోయింది. అబద్ధమూ నమ్మాను, నిజమూ నమ్మాను. మూడో ఉత్తరాన్ని నమ్మడానికి నా దగ్గర ఇంక తోట లేదు.

నీ చెల్లెలు